ఎక్కిళ్ళు పెట్టి ఆగిందా?

బండి దారిలో ఆగిపోతే ఆ రోజుల్లో ఎవరూ ముందు బానెట్ ఎత్తేవారు కాదు. ముందు అడిగేవారు: "ఎలా ఆగిందండీ? టపీమని ఆగిందా, ఎక్కిళ్ళు పెట్టి ఆగిందా?"

నాడి పట్టుకునే ముందు పాతకాలపు వైద్యుడు రాత్రి నిద్ర పట్టిందా, ఆకలి వేస్తోందా అని అడిగేవాడే, అలాంటిదే ఇదీ. జవాబులోనే సగం రోగం తేలిపోయేది. పెట్రోలు బండి దీపం ఊదేసినట్టు ఠక్కున ఆగిందంటే కరెంటు పోయిందన్న మాట. కాయిలో, కండెన్సరో, ఎక్కడో ఊడిన వైరో చూసుకోవాలి. రెండుసార్లు ముందుకి దూకి, గుటకలు మింగి, నీరసపడి ఆగిందంటే పెట్రోలు అందలేదు. డీజిలు బండి సంగతి ఇంకా తేలిక. ఆ పాత ఇంజన్లకి ఒకసారి అంటుకున్నాక కరెంటుతో పనే లేదు. బ్యాటరీ వైరు ఊడినా వాటి మానాన అవి తిరుగుతూనే ఉండేవి. కాబట్టి ఎక్కిళ్ళు పెట్టి ఆగిన డీజిలు బండికి డీజిలైనా అంది ఉండదు, లేదా దార్లో గాలైనా చొరబడి ఉంటుంది. ఈపాటి శాస్త్రం మా రావులపాలెం సెంటర్లో టీ తాగేవాళ్ళలో సగం మందికి తెలుసు.

నాకు మాత్రం 1994 వేసవిలో ఒక్క రాత్రిలో తెలిసింది, సాలూరు ఘాట్‌లో.

మా నాన్నకి ఒక వేను ఉండేది. ఇప్పుడందరూ పికప్ అంటున్నారు గానీ అప్పుడు మా వైపు వెనక తొట్టి ఉన్న ప్రతి చిన్న బండీ వేనే. ఎద్దుబండికి ఎక్కువ, లారీకి తక్కువ అయిన సరుకు కోసం చిన్న బండ్లు వరసకట్టి దిగిన కాలమది. టాటా వాళ్ళ 407 వచ్చింది 1986లో, టాటామొబైల్ 1988లో. మన జహీరాబాదులోనే ఆల్విన్ వాళ్ళు నిస్సాన్‌తో కలిసి క్యాబ్‌స్టార్ బండ్లు చేసేవారు. 1989లో ఆ వ్యాపారం మహీంద్రా చేతికి వెళ్ళింది. మా వేను ఏ కంపెనీదో మాత్రం చెప్పను. ఆ రాత్రి జరిగినదాంట్లో దాని తప్పు వీసమెత్తు లేదు. అయినా పేరు రాస్తే నింద దాని మీదకే పోతుంది.

నాన్న మోసేది అరటిగెలలు. రావులపాలెం అరటి మార్కెట్టు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల లంకల్లోంచి గెలలు సైకిళ్ళ మీద వచ్చేవి. అటు మూడు, ఇటు మూడు, వెనక క్యారేజీ మీద ఇంకొకటి వేలాడదీస్తే మధ్యలో సైకిలూ కనపడదు, తోసేవాడూ కనపడడు. పొద్దున్నే పచ్చటి గెలలు వాటంతటవి గట్టు మీద నడిచివస్తున్నట్టుండేది. పాటలో పాడుకున్నాక తొట్టిలో ఎండాకు పరిచి, గెలలు నిలువునా పేర్చి, పైన పచ్చాకు కప్పి, టార్పాలిన్ వేసి తాడు బిగించేవాళ్ళం. కర్పూర ఎక్కువ, చక్కెరకేళి కొంచెం, అడుగున బొంత. సాయంత్రం నాలుగూ అయిదింటికి బయల్దేరితే మర్నాడు పొద్దెక్కేసరికి ఒరిస్సాలో కొరాపుట్ చేరాలి. ఆలస్యమైతే టార్పాలిన్ కింద ఉక్కకి ఒక గెల ముగ్గుతుంది. ఒకటి ముగ్గిందంటే దాని ఆవిరికి పక్కది ముగ్గుతుంది. అంతే, ఇక సగం సరుకు అడిగినకాడికి అమ్ముకోవాలి.

ఆ ఏడు నాకు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలయ్యాయి. క్లీనరు పెళ్ళికని ఊరెళ్తే నాన్న నన్ను ఎక్కించుకున్నాడు. "చదువు ఎలాగూ చదువుతున్నావు, ఇది కూడా కాస్త నేర్చుకో" అన్నాడు. అమ్మకి ఇష్టం లేదు.

క్లీనరంటే ఇవాళ్టి పిల్లలకి తెలుస్తుందో లేదో. అది ఉద్యోగం కాదు, బడి. మొదటి ఏడు రాయి పని: బండి ఆగగానే దూకి చక్రం వెనక రాయి పెట్టడం, రేడియేటర్‌కి నీళ్ళు తేవడం, అద్దం తుడవడం. రెండో ఏడు పానాలు అందించడం. అడిగిన పానా అడిగినట్టు చేతిలో పెట్టాలి. పది పదకొండు అంటే పది పదకొండే, పన్నెండు పదమూడు అందిస్తే అదే పానాతో మొట్టికాయ. వెనక్కి తీసేటప్పుడు తొట్టి మీద చరుస్తూ "రానీ, రానీ, ఆఁ చాలు" అనడం కూడా అప్పుడే. మూడో ఏడు ఖాళీ స్థలంలో బండి తిప్పనిచ్చేవారు. నాలుగో ఏటికి డ్రైవరు. సర్టిఫికెట్టు ఏమీ ఉండదు. చేతివేళ్ళ గోళ్ళలో నల్లటి గీత ఉండేది, పెళ్ళిచూపులకి వెళ్ళేముందు రంపపు పొట్టూ సబ్బూ పెట్టి రుద్దినా పోని గీత. అదే గుర్తు. నేను ఆ మొదటి ఏడులో పదిహేను రోజులు మాత్రమే చదివాను. అందులో ఒక పరీక్ష తప్పాను.

మా సీటు కింద ఒక రేకుడబ్బా ఉండేది. అందులో పానాల సెట్టు, కటింగ్ ప్లేయరు, ఒక పెద్ద స్క్రూడ్రైవరు, వీల్ పానా, రాగి వాషర్లు దండగుచ్చిన తీగ, సగం అరిగిన బట్టలసబ్బు, పాత సైకిలు ట్యూబు ముక్కలు, కొబ్బరితాడు, బైండింగ్ వైరు ఉండేవి. సబ్బెందుకు అంటే, ట్యాంకు కారినా పైపు చెమర్చినా డీజిలుకి కరగకుండా పట్టుకునేది అదే. సబ్బు పిసికి అతికించి దానిమీద ట్యూబు ముక్క చుట్టి నెలల తరబడి నడిపినవాళ్ళున్నారు. ట్యూబూ బైండింగ్ వైరూ ఎందుకంటే, అన్నిటికీ. ఆ రెంటి గురించే తర్వాత చెప్పాల్సి ఉంది.

గౌతమి వంతెన దాటి, రాజమండ్రి, అన్నవరం, తుని. అప్పటికది అయిదో నంబరు జాతీయ రహదారి, రెండు బండ్లు ఒరుసుకుపోయే రోడ్డు. ఎదురొచ్చే లారీ లైటు తగ్గిస్తే నాన్న కూడా తగ్గించి చెయ్యి ఎత్తేవాడు, చీకట్లో అవతలివాడికి ఆ చెయ్యి కనపడదని తెలిసినా. అర్ధరాత్రి దాటాక విజయనగరం దగ్గర ఒక బంకులో ట్యాంకు నిండా పోయించాం. నాన్న డబ్బులిస్తుంటే నేను మూత పెట్టాలి. మూత పంపు మీద పెట్టానా, మడ్‌గార్డు మీద పెట్టానా ఇప్పటికీ నాకు గుర్తు రాదు. పావుగంట తర్వాత టీకి ఆగితే చూసుకున్నాను, మూత లేదు.

చెబితే తిడతాడని కాదు, తిట్టడేమోనని భయం. నాన్న తిట్టకుండా ఒక చూపు చూస్తాడు. అందుకని చీకట్లోనే డబ్బా తీసి, ప్లాస్టిక్ కవరు నాలుగు మడతలు వేసి ట్యాంకు మూతి మీద పరిచి, దానిమీద సైకిలు ట్యూబు ముక్క సాగదీసి, బైండింగ్ వైరు మూడు చుట్లు చుట్టి ప్లేయరుతో మెలిపెట్టాను. డీజిలు ఒక్క చుక్క చిందకుండా. ఆ పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

గజపతినగరం దాటీ దాటగానే బండి ఎక్కిళ్ళు పెట్టింది.

నాన్న యాక్సిలేటర్ వదిలాడు, మళ్ళీ తొక్కాడు. బండి తల ఊపింది, రెండుసార్లు దగ్గింది, రోడ్డు వారకి వచ్చి ఆగింది. ఇంజను ఆగిపోతే అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కప్పలూ, టార్పాలిన్ కింద నలుగుతున్న ఆకులూ తప్ప ఇంకేం వినపడలేదు. నేను దూకి రాయి పెట్టాను, రెండు కొమ్మలు విరిచి బండి వెనక పాతిక అడుగుల దూరంలో రోడ్డు మీద వేశాను. ఇప్పుడు ఎర్ర త్రికోణం పెడుతున్నారు, అప్పుడు వేపకొమ్మే త్రికోణం.

ఇక నాన్న వరస చూడాలి. హారన్ కొట్టాడు, గట్టిగా మోగింది, బ్యాటరీ ఉంది. సెల్ఫ్ కొట్టాడు, ఇంజను గిరగిరా తిరిగింది, అంటుకోలేదు. "ఒరేయ్, వెనక్కెళ్ళి పొగ చూడు" అన్నాడు. సైలెన్సర్ దగ్గర టార్చి పట్టుకుని కూర్చున్నాను. తెల్లపొగ వస్తే డీజిలు లోపలికి చేరుతోంది గానీ మండటం లేదని అర్థం. అసలు పొగే లేకపోతే డీజిలే చేరడం లేదు. పొగ లేదు. ఆపే కేబులు లాగినచోట ఇరుక్కుపోయిందేమోనని చూశాడు, బాగానే ఉంది. అప్పుడు బానెట్ ఎత్తాడు. ట్యాంకునుంచి వచ్చే పైపు నట్టు వదులు చేసి, వాషరు తిప్పి వేసి, మళ్ళీ బిగించాడు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, కింద ఉన్న చిన్న చేతిపంపు బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టాడు.

టార్చి వెలుగులో చూస్తుంటే స్క్రూ చుట్టూ ముందు బుస్సుమని నురగ వచ్చింది, మజ్జిగ చిలికినప్పుడు కవ్వం చుట్టూ లేచే నురగలాగ. నొక్కగా నొక్కగా నురగలో బుడగలు పెద్దవయ్యాయి, పెద్దవై పలచబడ్డాయి, ఒకటీ అరా మిగిలాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బుడగ అన్నది లేకుండా నూనెలాంటి డీజిలు నున్నగా పొంగి ఫిల్టరు మీదుగా జారింది. "బిగించు" అన్నాడు. నేను బిగించాను. నాజిల్‌కి వెళ్ళే పైపు నట్టు ఒకటి సగం తిప్పి వదిలి సెల్ఫ్ కొట్టించాడు, అక్కడా చిమ్మింది. దాన్ని బిగించేసరికి ఇంజను రెండుసార్లు తుమ్మి అంటుకుంది. గాలి తీయడం అంటే అదీ. "ఎయిర్ పట్టింది, తీసేశాం" అంటారు ఒక్క ముక్కలో.

"ఎక్కడో గాలి లాగుతోందిరా" అన్నాడు నాన్న చేతులు తుడుచుకుంటూ. నాకు చెప్పలేనంత సంతోషం. రోగం దొరికింది, అది నేను చేసిన పనికి సంబంధించింది కాదు.

ఇరవై కిలోమీటర్లు వెళ్ళామో లేదో, రామభద్రపురం ఇవతల మళ్ళీ అదే ఎక్కిళ్ళు, అదే నిశ్శబ్దం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి మూడు గంటల వేళ ఆ రోడ్డు మీద మమ్మల్ని దాటి ఆరు లారీలు వెళ్తే అయిదు ఆగాయి. సెల్‌ఫోను దేశంలోకి వచ్చిందే 1995లో. ఆగిన బండి పక్కన ఆగకుండా పోతే రేపు నువ్వు ఆగినప్పుడు నీ పక్కన ఎవరూ ఆగరన్న లెక్క ఒక్కటే అప్పుడున్న సిగ్నలు. ఒకాయన దిగకుండానే "డీజిలా గురూ, టైరా?" అని అడిగాడు. ఒకాయన దిగి ఫిల్టరు చోక్ అయ్యుంటుందన్నాడు. ఇంకొకాయన పంపు అని తేల్చాడు. "ఈ నాజిళ్ళూ పంపూ మైకోవే కదా, విజయవాడ ఆటోనగర్లో ఇప్పించెయ్యండి, లోపల ప్లంజరు అరిగిపోయుంటుంది" అన్నాడు. (మైకో అన్న ఆ పేరు 2008లో బాష్ అయిపోయింది. ఊళ్ళలో డీజిల్ పంపు సర్వీసు షెడ్లు మాత్రం ఇప్పటికీ మైకో షెడ్లే.) నాలుగో ఆయన మా సబ్బు తీసుకుని కనపడ్డ ప్రతి నట్టుకీ నైవేద్యం పెట్టినట్టు ముద్దలు అతికించాడు. ఎవరూ డబ్బు అడగలేదు. నాన్న ఒక్కొక్కరికీ ఒక అరటి హస్తం కోసి ఇవ్వబోయాడు. పచ్చివని తీసుకోలేదు. ఒకాయన మాత్రం కూరకి పనికొస్తాయని బొంత తీసుకున్నాడు.

ఇదంతా స్వర్ణయుగమని చెప్పడానికి నేను రాయడం లేదు. ఆ ఇంజన్ల నల్లపొగ పీల్చి డ్రైవర్లు దగ్గి దగ్గి పోయారు. మరుగుతున్న రేడియేటర్ మూత తీసి మొహం కాల్చుకున్న క్లీనర్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. వారానికోసారి ఏదో ఒకటి ఆగేది, ఆగిన ప్రతిసారీ ఎవరిదో సరుకు కుళ్ళేది. ఎండాకాలం పెళ్ళికి అంబాసిడర్ టాక్సీ మాట్లాడుకుంటే పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోయేది. డ్రైవరు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చుంటే పెళ్ళికొడుకు చింతచెట్టు కింద బాసికంతో నిలబడేవాడు. ముహూర్తం ఆ తడిగుడ్డ ఆరేదాకా ఆగదు కదా. ఇప్పటి బండ్లు అలా ఆగవు. ఆ వేను నాకు తిరిగిస్తానంటే ఇంటి ముందు పెట్టుకుంటాను గానీ ఘాట్ ఎక్కించను.

మా మేనల్లుడికి ఇప్పుడొక పికప్ ఉంది, బీఎస్-6 బండి. 2020 ఏప్రిల్ 1 తర్వాత దేశంలో అమ్ముతున్నవన్నీ అవే. కిందటేడు అది తుని దాటాక ఆగింది. నేను పక్క సీట్లో ఉన్నాను. వాడు దిగలేదు. లైట్లు వెలిగించి, ఫోను తీసి, నంబరు నొక్కి, లొకేషను పంపి, ఏదో సినిమా చూస్తూ కూర్చున్నాడు. మా పక్కనుంచి నాలుగు వరసల్లో వందల బండ్లు వెళ్ళాయి. ఒక్కటీ ఆగలేదు. ఆగితే వాళ్ళని వెనకవాడు గుద్దుతాడు, అది నిజం. రెండు గంటల తర్వాత ఒక కుర్రాడు వచ్చి స్టీరింగు కింద స్కానర్ తగిలించాడు. తెర మీద పీ 0087 అని వచ్చింది. డీజిలు రైలులో ప్రెషరు ఉండాల్సినంత లేదని దానర్థం.

"బాబూ, ఎలా ఆగిందని అడగవా?" అన్నాను.

"అది ఇందులో ఉంటుందండీ" అన్నాడు మర్యాదగానే.

ఉండదు. ప్రెషరు తక్కువైందని ఉంటుంది, ఎందుకు తక్కువైందో ఉండదు. ఫిల్టరు మూసుకుపోయినా అదే నంబరు రావచ్చు, డీజిల్లో నీళ్ళున్నా, పంపు పోయినా, ఎక్కడో గాలి లాగినా అదే రావచ్చు. కుర్రాడు బుద్ధిమంతుడే. నంబరు చూశాక వాడూ ఫిల్టరే విప్పాడు, అందులో గరిటెడు నీళ్ళున్నాయి. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా పని అక్కడికే వచ్చింది. దారే వేరు. అలవాటు కొద్దీ నేను నాజిల్ పైపు నట్టు వైపు చెయ్యి చాపితే వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అదొక్కటీ మంచి పని చేశాడు. ఈ కామన్ రైలు ఇంజన్లలో ఆ పైపులో వెయ్యి బార్లకి పైనే ప్రెషరు ఉంటుంది. ఆ డీజిలు సన్నగా చిమ్మితే చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. మా నాన్న విద్య ఆ బండి మీద చేస్తే ఆసుపత్రి పాలవుతాం.

సరే, ఘాట్ సంగతి.

సాలూరు చేరేసరికి నాలుగైంది. సాలూరంటే లారీల ఊరు. రోడ్డుకి రెండు పక్కలా లారీలే, వాటి కింద ఎప్పుడూ ఎవరో ఒకరి కాళ్ళు బయటికి కనిపిస్తుంటాయి. అక్కడ తెల్లారేదాకా ఆగి మెకానిక్కుకి చూపిద్దామా, లేక ఎండ ముదరక ముందే ఘాట్ ఎక్కేద్దామా అని నాన్న ఒక బీడీ కాలేంతసేపు ఆలోచించాడు. వెనక గెలల మీద చెయ్యి పెట్టి చూశాడు, వెచ్చగా తగిలాయి. ఎక్కేద్దామన్నాడు. రాయపూర్ నుంచి వచ్చే ఆ రోడ్డు అప్పుడు నలభై మూడో నంబరు, ఇప్పుడు ఇరవై ఆరు. మైదానంలో ఇరవై కిలోమీటర్లు ఓర్చుకున్న బండి, కొండ ఎక్కుతూ డీజిలు ఎక్కువ తాగేసరికి పట్టుమని పది కూడా నడవలేదు. ఒక మలుపులో, కుడివైపు లోయ, ఆగిపోయింది. బ్రేకు మీద కాలుంచి నాన్న "రాయి! రాయి!" అని అరిచిన అరుపు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

ఈసారి చేతిపంపు నొక్కుతుంటే పంపు చచ్చినట్టుంది. నురగ కూడా రావడం లేదు. ఏదో అవతలినుంచి పట్టుకుని లాగుతున్నట్టుందన్నాడు నాన్న. ఆ మాటలోనే జవాబుంది, మా ఇద్దరికీ తట్టలేదు.

తెల్లవారుతుండగా పైనుంచి దిగుతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరుకి అరవై దాటి ఉంటాయి. తలకి తువ్వాలు, చెవికి బీడీ. పక్కా సాలూరు మనిషి.

"ఏటైనాది బాబూ?"

నాన్న మొత్తం చెప్పాడు. ఎయిరు, ఫిల్టరు, పంపు, సబ్బు. ఆయన బానెట్ వైపు చూడనేలేదు.

"ఎలగ ఆగినాది?"

"ఎక్కిళ్ళు పెట్టి."

"ఆగినాక తీరిగ్గా కూకుంటే మళ్ళీ అంటుకుంటన్నాదా?"

"ఆ నట్టు వదులు చేసి బిగిస్తే అంటుకుంటోందండీ."

"ఏ ఊరుకాణ్ణుంచి ఇలగైపోనాది? రావులపాలెం కాణ్ణుంచా?"

"కాదండీ. విజయనగరం దాటాక."

"ఇజీనారంలో ఏటి సేసినారు?"

"డీజిలు పోయించాం."

ఆయన ఇంకేం అడగలేదు. బండి పక్కకి నడిచి, వంగి, ట్యాంకు మూతి మీద చెయ్యి పెట్టాడు. నా ప్లాస్టిక్ కవరూ ట్యూబూ గిన్నెలాగ లోపలికి గుంటపడి, బిర్రుగా బిగుసుకుని ఉన్నాయి. వైరు మెలి విప్పాడు. ట్యూబు అంచు కాస్త లేవదీశాడో లేదో, "హుస్స్..." మని గాలి లోపలికి పోయింది. ఊపిరాడక నీళ్ళలోంచి తల పైకెత్తినవాడు తీసే శ్వాసలాగ, పొడుగ్గా. ఘాట్‌లో ఆ మలుపు మలుపంతా వినపడింది.

"ఇనపడినాదా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ గుంటడేనా కట్టినోడు? బాగా కట్టినాడు. అదే తప్పు."

నూనె డబ్బాకి ఒక మూలే చిల్లు పెట్టి వంచితే నూనె గుడగుడమని ఆగి ఆగి పడుతుంది. అవతలి మూల ఇంకో చిల్లు పెడితేనే ధార కడుతుంది. వెళ్ళిన నూనె చోటుకి గాలి రావాలి. డీజిలు ట్యాంకైనా అంతే. అందుకే అసలు మూతకి గాలి పోవడానికి సూదిబెజ్జమంత దారి ఉంటుంది. నేను కట్టిన కట్టుకి ఆ దారి లేదు. డీజిలు వెళ్ళినకొద్దీ లోపల గాలి పలచబడి, ట్యాంకే డీజిల్ని వెనక్కి పట్టుకుంది. ఆ లాగుడికి నట్ల సందుల్లోంచి గాలి దూరింది, మేం చూసిన బుడగలు అవే. ఇంకా విచిత్రం, నాన్న పైపు నట్టు వదులు చేసిన ప్రతిసారీ ఆ పైపు దారినే గాలి ట్యాంకులోకి పోయి దాని పీక కొంచెం సడలేది. అందుకే రిపేరు ప్రతిసారీ పనిచేసింది. తప్పు చోట చేసిన మరమ్మతు కూడా పనిచేస్తుంది, ఇరవై కిలోమీటర్లు.

ఆ పెద్దాయన నా ట్యూబు ముక్కకే నడుమ మేకుతో చిల్లు పొడిచి మళ్ళీ వదులుగా కట్టాడు. చేతిపంపు నొక్కితే నాలుగు నొక్కులకి డీజిలు నున్నగా వచ్చింది. బండి అంటుకుంది. ఆయన చెవి మీది బీడీ నోట్లో పెట్టుకుని, అగ్గిపెట్టె నాన్ననడిగి, వెలిగించుకుని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. పేరు అడగడం ఇద్దరం మర్చిపోయాం.

నాన్న నావైపు చూశాడు. నేను భయపడ్డ ఆ చూపే. తిట్టలేదు. ఆ తర్వాత పదిహేనేళ్ళ పాటు ఏ టీ కొట్టు దగ్గర బండి ఆగిన ప్రస్తావన వచ్చినా "మావాడు బండి పీక నొక్కేశాడండీ" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేవాడు. ప్రతిసారీ ఆ గాలి చప్పుడు నోటితో చేసి చూపించేవాడు. వేను 2008లో పాత ఇనుముకి పోయింది. నాన్న ఆ తర్వాత మూడేళ్ళున్నాడు.

ఆ పొద్దున కొరాపుట్ చేరేసరికి తొమ్మిదిన్నర. పైవరస కర్పూర గెలలు చాలావరకు పసుపు తిరిగిపోయాయి. అడుగున బొంత మాత్రం చెక్కుచెదరలేదు. వ్యాపారి టార్పాలిన్ ఎత్తి చూసి, చెప్పిన ధర నాన్న ఒక్క మాటా బేరమాడకుండా ఒప్పుకున్నాడు. ఎంత నష్టమొచ్చిందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. తిరుగుదారిలో సాలూరులో ఆగి కొత్త మూత కొన్నాడు. దాని ఖరీదు మాత్రం నాకు వినపడేలా రెండుసార్లు అడిగాడు. పద్దెనిమిది రూపాయలు.